మెకానికల్ మాడా, రెగ్యులేటెడ్ మాడా? బెంగళూరులోని తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మాడ్ అని పిలిచే వేప్ (ఈ-సిగరెట్) పరికరం ఇప్పటికే చేతిలో ఉన్నవారి కోసం రాసిన పేజీ ఇది. మారతహళ్లి పీజీలో రూమ్మేట్ వదిలేసి వెళ్లినదో, విదేశం నుంచి వస్తూ ఎవరో తెచ్చినదో అయివుండవచ్చు. కొడుకు బ్యాగులో లోహపు గొట్టం కనిపించి కంగారుపడుతున్న తల్లిదండ్రులకూ ఇది పనికొస్తుంది. కొత్తగా కొనాలనుకునేవారి కోసం మాత్రం కాదు. మన దేశంలో వీటి అమ్మకమే నిషేధం. పొగ అలవాటు లేనివారు దీని జోలికే పోవద్దు.

మెకానికల్‌కూ రెగ్యులేటెడ్‌కూ అసలు తేడా ఏమిటి?

మెకానికల్ మాడ్ అంటే లోపల ఎలక్ట్రానిక్స్ ఏమీ లేని రాగి, ఇత్తడి లేదా స్టీలు గొట్టం. అందులో ఒక లిథియం సెల్, సాధారణంగా అడుగున స్ప్రింగుతోనో అయస్కాంతంతోనో పనిచేసే బటన్, పైన కాయిల్ (వేడెక్కే తీగచుట్ట) ఉన్న అటామైజర్, అంటే ద్రవాన్ని ఆవిరిగా మార్చే భాగం. అంతే. బటన్ నొక్కగానే సర్క్యూట్ పూర్తయి, సెల్‌లోని కరెంటు నేరుగా కాయిల్‌లోకి పోతుంది. పాతకాలపు టార్చిలైటు కూడా ఇలాగే పనిచేస్తుంది. కాకపోతే టార్చి బల్బు ఒక ఆంపియర్ కూడా తీసుకోదు, ఇక్కడ ఇరవై ఆంపియర్లు పోతాయి.

రెగ్యులేటెడ్ మాడ్‌లో సెల్‌కూ కాయిల్‌కూ మధ్య ఒక సర్క్యూట్ బోర్డు ఉంటుంది. అది కాయిల్ రెసిస్టెన్స్‌ను కొలుస్తుంది, సెల్ వోల్టేజీని చూస్తుంది, మీరు పెట్టిన వాట్లకు తగ్గట్టు వోల్టేజీని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. కాయిల్ షార్ట్ అయినా, సెల్ తలకిందులుగా పెట్టినా, చార్జి మరీ తగ్గినా, బోర్డు వేడెక్కినా కరెంటు ఇవ్వదు. బటన్ పొరపాటున నొక్కుకుపోతే చాలా పరికరాల్లో పది సెకన్లకు దానంతట అదే ఆగిపోతుంది.

మధ్యరకం ఒకటుంది. మాస్‌ఫెట్ అనే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది కానీ వోల్టేజీ నియంత్రణ ఉండదు. బటన్ మీద భారీ కరెంటు పడదన్నది ఒక్కటే దాని మేలు. రక్షణలు కొన్నిట్లో ఉంటాయి, కొన్నిట్లో ఉండవు. పైకి చూసి చెప్పలేం కాబట్టి దాన్నీ మెకానికల్ కిందే లెక్కగట్టండి.

ఒక్క ముక్కలో చెప్పండి, రెండింట్లో ఏది?

రెగ్యులేటెడ్. మెకానికల్‌ను మేం ఎవరికీ సిఫారసు చేయం, ఎలక్ట్రానిక్స్ చదివినవారికైనా సరే. చదువుకున్నవారికి లెక్క తెలుస్తుంది. కానీ రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో కాయిల్ మార్చేటప్పుడు ఆ లెక్క గుర్తుంటుందన్న హామీ లేదు. చిప్ మాత్రం నొక్కిన ప్రతిసారీ చూసుకుంటుంది.

మెకానికల్ ఇష్టపడేవారు చెప్పే మాటల్లో ఒకప్పుడు నిజం ఉండేది. తొలినాళ్ల రెగ్యులేటెడ్ పరికరాలు 15, 20 వాట్లు ఇవ్వడమే గొప్ప. బోర్డులు తొందరగా పాడయ్యేవి. ఇప్పుడు ఒక్క సెల్ పట్టే రెగ్యులేటెడ్ పరికరమే 80 వాట్ల దాకా ఇస్తుంది. ఆ పాత వాదనకు ఇప్పుడు బలం లేదు.

ఇవి మన దేశంలో చట్టబద్ధమేనా? బెంగళూరులో చాలామంది దగ్గర కనిపిస్తున్నాయి కదా?

కాదు. కర్ణాటక 2016లోనే ఈ-సిగరెట్లను నిషేధించింది, తమిళనాడు 2018లో. 2019 సెప్టెంబరులో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ అదే పని చేస్తే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. సరుకు నిల్వకు ఆరు నెలల దాకా జైలు లేదా యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ.

చాలామంది మూడు విషయాల్లో పొరబడుతున్నారు. నికోటిన్ లేని ద్రవం వాడితే చట్టం వర్తించదనుకోవడం మొదటిది. నికోటిన్ ఉన్నా లేకున్నా, పదార్థాన్ని వేడిచేసి పీల్చే ఆవిరిని ఇచ్చే ఎలక్ట్రానిక్ పరికరాలన్నీ చట్టం ఇచ్చిన నిర్వచనంలోకి వస్తాయి. పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలు, ఈ-హుక్కా కూడా అందులోనే. విడిభాగాలు తెప్పించుకుంటే తప్పు కాదనుకోవడం రెండోది. మొత్తం పరికరమైనా, అందులో ఏ భాగమైనా నిషేధమేనని చట్టంలోనే రాసి ఉంది. మూడోది, మెకానికల్ గొట్టంలో చిప్ లేదు కాబట్టి అది ఎలక్ట్రానిక్ కిందికి రాదనే వాదన. సెల్‌తో కాయిల్‌ను వేడిచేసి ఆవిరి పుట్టించే పరికరాన్ని ఆ మాటతో ఎవరూ వదిలిపెట్టరు. దాన్ని నమ్ముకోవద్దు.

వాడినందుకు చట్టంలో విడిగా శిక్ష రాయలేదు. అయినా దుబాయి నుంచో సింగపూరు నుంచో సూట్‌కేసులో వేసుకొచ్చినా అది దిగుమతే. కెంపేగౌడ విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర "సొంత వాడకానికి" అన్న మాట అక్కరకు రాదు.

మెకానికల్‌లో కాయిల్ రెసిస్టెన్స్ గురించి అంత భయపెడతారు, ఎందుకు?

అందులో కరెంటును అదుపు చేసేది కాయిల్ ఒక్కటే. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లోని ఓమ్ నియమమే ఇక్కడ లెక్క: వోల్టేజీని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు. నిండా చార్జి అయిన లిథియం సెల్ 4.2 వోల్టులు. వాడేటప్పుడు కొంత తగ్గుతుంది కానీ లెక్క ఎప్పుడూ 4.2 తోనే వేయాలి.

0.5 ఓమ్ కాయిల్ అయితే 8.4 ఆంపియర్లు, సుమారు 35 వాట్లు. 0.2 ఓమ్ అయితే 21 ఆంపియర్లు, 88 వాట్లు. 0.15 కి దిగితే 28 ఆంపియర్లు. 0.1 అయితే 42 ఆంపియర్లు, మామూలు 18650 (ఈ పరికరాల్లో వాడే సెల్ సైజు) సెల్ ఏదీ నిలకడగా ఇవ్వలేని కరెంటు.

అంకెలు చిన్నవయ్యేకొద్దీ పొరపాటు ఎంత ఖరీదవుతుందో గమనించండి. మీటరు 0.15 చూపించింది, అసలు విలువ 0.12 అనుకుందాం. చవక మీటర్లలో ఇంత తేడా మామూలే. 28 ఆంపియర్లు అనుకున్నది 35 అవుతుంది. ఒకే కాయిల్ ఉన్నచోట అలాంటిదే రెండోది బిగిస్తే రెసిస్టెన్స్ సగమై కరెంటు రెట్టింపవుతుంది. కాయిల్ కాలు ఒకటి పొడవుగా మిగిలి మూతకు తగిలిందా, అది నేరుగా షార్ట్. రెగ్యులేటెడ్ పరికరం ఇదే తప్పుకు స్క్రీన్ మీద ఒక హెచ్చరిక చూపించి ఊరుకుంటుంది. గొట్టంలో ఆ కరెంటంతా సెల్ మీదే పడుతుంది.

సెల్ మీద "40 ఆంపియర్లు" అని రాసి ఉంది. నమ్మవచ్చా?

నమ్మొద్దు. సెల్‌కు రెండు రకాల అంకెలుంటాయి. ఆగకుండా ఎంత కరెంటు ఇవ్వగలదన్నది ఒకటి, కొన్ని సెకన్ల పాటు ఎంత తట్టుకుంటుందన్నది రెండోది. రెండోదానికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. ఎంతసేపు, ఎంత విరామంతో అన్నది ఎవరి ఇష్టం వారిది. లేబుల్ మీద పెద్దగా కనిపించే అంకె తరచుగా అదే.

పేరున్న కంపెనీల స్పెసిఫికేషన్లలో కనిపించే నిరంతర రేటింగులు ఇంతకన్నా తక్కువ. శాంసంగ్ 25ఆర్: 2500 ఎంఏహెచ్ (సెల్ పట్టే చార్జి), 20 ఆంపియర్లు. శాంసంగ్ 30క్యూ: 3000 ఎంఏహెచ్, 15 ఆంపియర్లు. ఎల్‌జీ హెచ్‌జీ2: 3000 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు. నిల్వ పెరిగితే కరెంటు ఇచ్చే శక్తి తగ్గడం సహజం. 3400 ఎంఏహెచ్ ఉన్న పానాసోనిక్ ఎన్‌సీఆర్18650బీ ఏడు ఆంపియర్ల లోపే ఇస్తుంది. టార్చికీ లాప్‌టాప్‌కూ అది మంచి సెల్లే, 0.2 ఓమ్ కాయిల్ కింద పెడితే మాత్రం ప్రమాదం.

"9900 ఎంఏహెచ్" అని రాసిన 18650 చూస్తే అక్కడే వదిలేయండి. ఆ సైజులో పేరున్న సెల్లు 3500 చుట్టుపక్కలే ఆగుతాయి. లేబుల్‌లో ఒక అంకె అబద్ధమైనప్పుడు మిగతావి నిజమని అనుకోవడానికి ఆధారం లేదు.

ఎస్పీ రోడ్డులో, రిచీ స్ట్రీట్‌లో సెల్లు దొరుకుతాయి కదా?

బెంగళూరు ఎస్పీ రోడ్డులోనూ చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ 18650లు కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో పాత లాప్‌టాప్ ప్యాకుల నుంచి ఊడదీసి కొత్త ర్యాప్ (ప్లాస్టిక్ పైతొడుగు) తొడిగినవీ ఉంటాయి. పవర్‌బ్యాంకు ప్రాజెక్టుకు అవి సరిపోతాయేమో. ఇరవై ఆంపియర్లు లాగే పనికి వాడితే లోపల పాతబడిన సెల్ ఎక్కువ వేడెక్కుతుంది. ఎంత పాతదో మీకు తెలియదు, అమ్మేవారికీ తెలియదు.

అసలు సంగతి ఇంకొకటుంది. 18650 సెల్‌ను ఒంటిగా వినియోగదారుడి చేతికి ఇవ్వాలని తయారీదారులు ఉద్దేశించనే లేదు. రక్షణ సర్క్యూట్ ఉన్న ప్యాకులో భాగంగా ఉండాలని తయారుచేశారు. విడి 18650 సెల్లు కొనొద్దు, వాడొద్దు అని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 2021 జనవరిలో హెచ్చరించింది కూడా.

రెగ్యులేటెడ్ అయితే ఏ సెల్ పెట్టినా పరవాలేదా?

ఉన్న పొరపాట్లలో ఇది చాలా సాధారణం. రెగ్యులేటెడ్‌లో సెల్ మీద పడే భారానికీ కాయిల్ రెసిస్టెన్స్‌కూ సంబంధం లేదు. మీరు పెట్టిన వాట్లే లెక్క. వాట్లను బోర్డు సామర్థ్యంతోనూ, సెల్ కనీస వోల్టేజీతోనూ భాగించాలి. ఒక్క సెల్ పరికరంలో 75 వాట్లు పెట్టారనుకోండి. బోర్డు సామర్థ్యం 90 శాతం, సెల్ 3.2 వోల్టులకు దిగిందనుకుంటే, 75 ని 0.9 తో భాగిస్తే 83.3. దాన్ని 3.2 తో భాగిస్తే 26 ఆంపియర్లు. 15 ఆంపియర్ల సెల్‌తో ఇది కుదరదు. అదే సెల్‌తో 40 వాట్ల దగ్గర ఆగితే 14 ఆంపియర్లే.

మెకానికల్‌లో చార్జి నిండుగా ఉన్నప్పుడు కరెంటు ఎక్కువ. రెగ్యులేటెడ్‌లో చార్జి తగ్గేకొద్దీ కరెంటు పెరుగుతుంది, ఎందుకంటే అవే వాట్లు తక్కువ వోల్టేజీ నుంచి రాబట్టాలి. రెండు సెల్లు సిరీస్‌లో ఉన్న పరికరంలో 150 వాట్లు పెడితే ఒక్కో సెల్ మీద పడేది అదే 26 ఆంపియర్లు.

రెండు సెల్లు ఒకదానిమీద ఒకటి పెట్టే మెకానికల్ గొట్టం ఒకటి దొరికింది. వాడవచ్చా?

వద్దు. 8.4 వోల్టులు వస్తాయి. 0.3 ఓమ్ కాయిల్‌తో 28 ఆంపియర్లు, 235 వాట్లు. ఆ 28 ఆంపియర్లు రెండు సెల్లలోనూ పూర్తిగా పోతాయి, పంచుకోవు. రెండింట్లో ఒకటి కాస్త పాతదైతే అది ముందు ఖాళీ అయిపోతుంది, రెండోది దాన్ని ఉల్టా దిశలో నెడుతుంది. సెల్ పగిలేది అక్కడే. ఇలాంటి గొట్టం చేతికి వస్తే సెల్లు బయటకు తీసి విడివిడిగా పెట్టడమే చేయాల్సిన పని.

"హైబ్రిడ్ టాప్" అంటే ఏమిటి? 510 పిన్ గురించి ఎందుకు హెచ్చరిస్తారు?

అటామైజర్ అడుగున ఉండే మరను 510 అంటారు. దాని మధ్యలోని పిన్ పాజిటివ్, చుట్టూ ఉన్న మర నెగటివ్. హైబ్రిడ్ గొట్టాల్లో మధ్యలో ఏ భాగమూ లేకుండా ఆ పిన్ నేరుగా సెల్ పాజిటివ్ కొసకు తగులుతుంది. పిన్ బయటకు పొడుచుకు రాకపోతే, లేదా ఒత్తితే లోపలికి పోయే స్ప్రింగు పిన్ అయితే, మర అంచే సెల్ పాజిటివ్‌కు తగిలే ప్రమాదముంది. అప్పుడు కాయిల్‌తో పనిలేకుండా పాజిటివ్, నెగటివ్ కలిసిపోతాయి. బటన్ నొక్కగానే పూర్తి షార్ట్. ఈ రకం గొట్టాల మీద రెడీమేడ్ ట్యాంకు (కాయిల్ ముందే అమర్చి వచ్చే అటామైజర్) బిగించడం అందుకే ప్రమాదకరం, వాటిలో చాలావాటి పిన్ మర అంచుతో సమానంగానే ఉంటుంది.

రెగ్యులేటెడ్ పరికరంలో ఈ సమస్య రాదు. సెల్ బోర్డుకు తగులుతుంది, అటామైజర్ వేరే సాకెట్‌లో ఉంటుంది.

గొట్టానికి అడుగున చిల్లులు ఉంటే లోపమా?

అవి ఉండాల్సినవే. సెల్ లోపల వేడి అదుపు తప్పితే మండే వాయువు క్షణాల్లో బయటకొస్తుంది. దానికి దారి లేకపోతే గొట్టమే బాంబవుతుంది. పైకొసో అడుగుకొసో మర తెంచుకుని ఎగిరిపోతుంది. పైకొస ఉండేది మనిషి ముఖం ముందే. 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, 2019 జనవరిలో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో పరికరం పేలి ఇద్దరు చనిపోయారు. ముక్కలు ఒకరి తలలోకి దూసుకుపోయాయి, మరొకరికి మెడలోని ధమని తెగింది.

చిల్లులు లేని గొట్టాన్ని అసలు వాడకూడదు. ఉన్నా వాటిని స్టిక్కరుతో కప్పకూడదు, అరచేతిలో మూసుకుపోయేలా పట్టుకోకూడదు.

ర్యాప్ చిన్నగా చిరిగింది. టేపు వేస్తే సరిపోతుందా?

సరిపోదు. 18650 సెల్ ఒళ్లంతా నెగటివ్. పైన ఉన్న చిన్న గుండ్రటి కొస ఒక్కటే పాజిటివ్. రెండింటి మధ్య ఉన్నది ఆ పల్చటి ప్లాస్టిక్ ర్యాప్, పాజిటివ్ చుట్టూ ఉన్న తెల్లటి రింగు మాత్రమే. పైఅంచు దగ్గర ర్యాప్ ఊడి లోహం కనిపిస్తే, లోహపు గొట్టంలో పెట్టిన క్షణమే షార్ట్ అయ్యే వీలుంది. టేపు వేడికి జారుతుంది, సెల్ లావెక్కి గొట్టంలో ఇరుక్కుంటుంది.

ర్యాప్ మార్చడం చేతకాని పనేమీ కాదు. సైజుకు సరిపోయే ష్రింక్ స్లీవ్, కొత్త రింగు, హెయిర్ డ్రయ్యర్ ఉంటే చాలు. పాతది గోటితో విప్పాలి, బ్లేడు తగలనీయొద్దు. కానీ సెల్ ఒకసారైనా కింద పడి సొట్ట పోయి ఉంటే ర్యాప్ ఎంత కొత్తదైనా దాన్ని పక్కన పెట్టేయండి. సొట్ట లోపల పొరలు ఒకదానికొకటి తగిలి ఉండవచ్చు.

చార్జింగ్‌లో ఎక్కడ తప్పు జరుగుతుంది?

ఎక్కువగా రాత్రిపూట, మంచం మీద. పీజీల్లో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నాలుగు ఫోన్లు, లాప్‌టాప్, వాటి పక్కన దిండు మీద వేప్. మేలుకుని ఉన్నప్పుడే, టైల్స్ నేల మీదో స్టీలు పళ్లెంలోనో పెట్టి చార్జి చేయండి. సెల్ బయటకు తీయగలిగే పరికరమైతే విడి చార్జరులో 1 ఆంపియర్ దాటకుండా పెట్టడం మేలు. 4.2 వోల్టుల దగ్గర, అటూఇటూ 0.05 తేడాతో, చార్జరు ఆగిపోవాలి. మల్టీమీటరుతో కొలిస్తే 4.25 దాటి కనిపించిందా, ఆ చార్జరును మళ్లీ వాడొద్దు.

యూఎస్‌బీ పోర్టు ఉన్న పరికరానికి ఫోను 65 వాట్ల ఫాస్ట్ చార్జరు వద్దు, 5 వోల్టుల మామూలు అడాప్టరు చాలు. చవకరకం పరికరాలు కొన్ని ఫాస్ట్ చార్జరుతో సరిగా మాట్లాడుకోలేవు.

మెకానికల్‌లో దీనికి రెండో వైపు ఒకటుంది. సెల్ ఖాళీ అవుతోందని చెప్పేవారెవరూ ఉండరు. 2.5 వోల్టుల కన్నా మరీ కిందికి దిగిన సెల్‌లో రాగి కరిగి, మళ్లీ చార్జి చేసినప్పుడు లోపలే పేరుకుని షార్ట్‌కు దారితీస్తుంది. ఆవిరి పల్చబడిందనిపిస్తే ఆపి కొలవండి. 3.4 దగ్గరే సెల్ మార్చాలి. 3 కి దిగువన చాలా రోజులు పడి ఉన్న సెల్‌ను చార్జి చేయొద్దు.

జేబులో పెట్టుకోవచ్చా?

విడి సెల్‌ను ఎప్పటికీ పెట్టుకోకూడదు. ఒక తాళంచెవి, ఒక ఐదు రూపాయల బిళ్ల చాలు షార్ట్ అవడానికి. అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 దాకా నమోదైన 195 ఘటనలు పరిశీలిస్తే 133 మంది గాయపడ్డారు. పరికరమో విడి సెల్లో జేబులో ఉండగా, లేదా పరికరం వాడుతుండగా జరిగినవి 62 శాతం. విడి సెల్‌కు గట్టి ప్లాస్టిక్ పెట్టె తప్పనిసరి.

చెన్నై మే నెల ఎండలో స్కూటర్ సీటు కింద పెట్టినా, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా అంతే ప్రమాదం. మెకానికల్ గొట్టానికి బటన్ నొక్కుకుపోకుండా ఆపే లాకింగ్ రింగు ఉన్నా బస్సు కుదుపులకు తిరిగిపోతుంది. ఎక్కడికైనా తీసుకెళ్లే ముందు సెల్ బయటకు తీయండి.

బటన్ వేడెక్కుతోంది, లేదా వదిలినా ఆగడం లేదు. ఏం చేయాలి?

బటన్ వేడెక్కిందంటే కరెంటు వెళ్లే దారిలో ఎక్కడో అడ్డు ఉంది. మరల మీద పేరుకున్న నల్లటి తుప్పు, కారిన ద్రవం, కుంగిపోయిన స్ప్రింగు. వదిలినా ఆగకపోతే బటన్ ఇరుక్కుంది. ముఖానికి దూరంగా పట్టుకుని, చేతికి ఓర్చుకోగలిగేంత వేడే అయితే వెంటనే అటామైజర్ విప్పేయండి. సర్క్యూట్ తెగిపోతుంది. ఆ తర్వాత సెల్ తీయవచ్చు.

ఓర్చుకోలేనంత వేడైతే, బుస్సుమన్న శబ్దం వస్తే, నెయిల్ పాలిష్‌ను తలపించే తీపి వాసన వస్తే విప్పే ప్రయత్నం చేయొద్దు. బాల్కనీలోనో బాత్రూము నేల మీదో పడేసి, తలుపు మూసి, దూరంగా జరగండి. ఆ పొగ పీల్చకూడదు, అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. మంట ఆరాక కూడా సెల్ మళ్లీ అంటుకోవచ్చు కాబట్టి దూరం నుంచి బాగా నీళ్లు పోసి చల్లార్చాలి.

కాలితే?

బట్టలు, ఉంగరాలు, వాచీ తీసేసి ఇరవై నిమిషాల పాటు కుళాయి నీటి కింద పెట్టండి. చర్మానికి అంటుకున్న గుడ్డను లాగొద్దు. పసుపు, పేస్టు, ఇంకు, ఐసు ఏదీ వద్దు. డాక్టరుకు "లిథియం బ్యాటరీ పేలింది" అని తప్పక చెప్పాలి. మంటతోపాటు రసాయనం వల్ల కూడా గాయమై ఉంటుంది, దానికి చికిత్స వేరుగా చూడాలి. బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రిలోని మహాబోధి బర్న్స్ విభాగం, చెన్నైలో కీల్పాక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి కాలిన గాయాలకు పేరున్నవి. అంబులెన్సుకు 108. నిషేధిత వస్తువని చెప్పడానికి జంకి ఇంట్లోనే ఉండిపోవద్దు, ముఖం, చేతులు, తొడల లోపలి గాయాలు ఆలస్యమైతే చాలా పాడవుతాయి.

మా వాడి బ్యాగులో ఒకటి కనిపించింది. అది ఏ రకమో ఎలా తెలుస్తుంది?

స్క్రీన్, ప్లస్ మైనస్ బటన్లు, చార్జింగ్ పోర్టు ఉంటే రెగ్యులేటెడ్. బరువుగా, నున్నగా, ఏ పోర్టూ లేని లోహపు గొట్టమైతే మెకానికల్. హైలైటర్ పెన్నులా రంగురంగుల ప్లాస్టిక్‌తో, పండు బొమ్మతో ఉంటే వాడి పారేసే రకం.

మెకానికల్ అయితే ముందు అటామైజర్ విప్పి, సెల్ బయటకు తీసి పక్కన పెట్టండి. మాట్లాడటం ఆ తర్వాత. ద్రవం చేతికి అంటితే సబ్బుతో కడగాలి, నికోటిన్ చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ సీసాను అందని చోట దాచాలి. కొన్ని చుక్కలు మింగినా వాంతులు, వణుకు, తల తిరగడం మొదలవుతాయి.

కేకలేస్తే వస్తువు దాచే చోటు మారుతుంది, అంతే. "ఎంత తరచుగా తాగుతున్నావు, పొద్దున లేచిన ఎంతసేపటికి కావాలనిపిస్తుంది" అని అడగండి. లేచిన అరగంటలోపే కావాలనిపిస్తే అది సరదా దశ దాటిపోయింది.

చిప్ ఉంది కాబట్టి ఆరోగ్యానికి సురక్షితమేనా?

చిప్ కాపాడేది సెల్ నుంచి, ఆవిరి నుంచి కాదు. కాయిల్‌కు ద్రవం అందించే దూది ఎండిపోయినప్పుడు కాయిల్ విపరీతంగా వేడెక్కి ఫార్మాల్డిహైడ్ వంటివి పుడతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్, నికెల్ తీగలతో టెంపరేచర్ కంట్రోల్ ఉన్న రెగ్యులేటెడ్ పరికరం దీన్ని కొంత ఆపగలదు, ఎందుకంటే ఆ తీగల రెసిస్టెన్స్ వేడితో పెరుగుతుంది, బోర్డు దాన్ని పసిగడుతుంది. కాంథాల్ అనే రకం తీగతో అది పనిచేయదు. మెకానికల్‌లో అసలు వీలే లేదు.

ద్రవంలో ఏముందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2019-20లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ప్రధాన కారణంగా తేలినది గంజాయి నూనె కలిపిన కార్ట్రిడ్జుల్లోని విటమిన్ ఈ అసిటేట్. దొంగచాటు సరుకులో అలాంటిదేమీ లేదని ఇక్కడ పరీక్షించి చెప్పే వ్యవస్థ లేదు.

మానేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

1800-11-2356. సిగరెట్ పెట్టెల మీద ముద్రించే ఉచిత క్విట్‌లైన్ నంబరు ఇదే. దక్షిణాది కాల్స్ చూసే కేంద్రం బెంగళూరులోని నిమ్హాన్స్‌లోనే ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు. చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పొగాకు మాన్పించే కేంద్రాన్ని ఎన్నో ఏళ్లుగా నడుపుతోంది.

మందుల షాపులో నికోటిన్ గమ్ దొరుకుతుంది. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా ఇస్తారు, 4 మిల్లీగ్రాములదానికి డాక్టరు చీటీ కావాలి. బబుల్‌గమ్‌లా గబగబా నమలకూడదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టి ఆగాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, కూల్‌డ్రింకు తాగితే నికోటిన్ సరిగా ఒంటబట్టదు. ఇది తెలియక చాలామంది గమ్ పనిచేయడం లేదని రెండో రోజే వదిలేస్తారు. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి.

పాత పరికరాన్ని, సెల్లను ఏం చేయాలి? సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేయవచ్చా?

అమ్మకూడదు, స్నేహితుడికి ఊరికే ఇచ్చినా పంపిణీ కిందికే వస్తుంది. సెల్ రెండు కొసలకూ ఎలక్ట్రికల్ టేపు అంటించి, ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఈ-వేస్టు సేకరణ కేంద్రంలో ఇవ్వండి. అపార్టుమెంట్లలో నెలకోసారి ఈ-వేస్టు తీసుకెళ్లేవారుంటే వారికి సెల్ అని చెప్పి విడిగా ఇవ్వండి. చెత్తబండిలో వేయొద్దు. లారీలో చెత్తను నొక్కేటప్పుడు సెల్ నలిగితే మంటలు లేస్తాయి, పక్కనే ఉండేది ఆ కార్మికులే. సెల్ బయటకు రాని వాడి పారేసే రకాన్ని విప్పడానికి ప్రయత్నించకుండా అలాగే ఈ-వేస్టులో ఇవ్వాలి. ద్రవాన్ని సింకులో పారబోయకండి, సీసాకు మూత బిగించి ప్రమాదకర ఇంటిచెత్తలో వేయండి. సెల్ తీసేసిన ఉత్త రాగి గొట్టాన్ని సుత్తితో చదును చేస్తే పాత ఇనుపసామాను వాళ్లు రాగి కింద తీసుకుంటారు.